గుట్ట అవతలి రాళ్లకుప్పకు ఒక కెమెరా

మార్కాపురం నుంచి గిద్దలూరు మీదుగా దిగువమెట్ట అడవి అంచు దాకా పోయి రావడానికి ఒక్కరోజు చాలు. నాకు నాలుగు రోజులు పట్టింది. కాశీ పోయొచ్చినవాడు రాస్తే చదువుతారు, పక్క తాలూకా పోయొచ్చినవాడు రాస్తే నవ్వుతారు. నవ్వితే నవ్వండి. ఈ దారిన రైల్లో పోయినవాళ్లు వేలమంది ఉంటారు. కంభంలో దిగి ఒక పూట అన్నం తిన్నవాళ్లు ఎంతమందో చెప్పమనండి.

నేను పోయింది తీర్థానికి కాదు. ఒక చిన్న కెమెరా కోసం, ఆ కెమెరాతో తీయాల్సిన ఒక రాళ్లకుప్ప కోసం.

అక్క అడిగింది

మా అక్క ఓబులమ్మకు డెబ్బై ఆరేళ్లు. పెద్దారవీడుకు అవతల ఒక పల్లెలో ఉంటుంది. మోకాళ్లు పూర్తిగా పోయాయి. కళ్లు మాత్రం, ఆపరేషన్ అయినాక, సూదిలో దారం ఎక్కించేంత బాగున్నాయి. ఆమెకు ఇరవై ఒకటో ఏట మా బావ చెన్నయ్య గొర్రెల మందను తోలుకొని వేసవి మేపుకు నల్లమల ఎక్కి, జ్వరం తగిలి, మూడో రోజు పోయాడు. అప్పుడు మాది ఇంకా కర్నూలు జిల్లా. మందతో నేనూ ఉన్నాను, పదహారేళ్లవాణ్ణి. కిందికి మోసుకురావడానికి ఉన్న నలుగురం చాలక, కనుమ పక్కన మట్టి మెత్తగా ఉన్నచోట పూడ్చిపెట్టి, పైన రాళ్లు పేర్చాం.

మా కాపరుల్లో ఒక ఆచారం ఉంది. అట్లా దోవలో పోయినవాడి కుప్ప ముందునుంచి మంద నడిస్తే, ఆ కాపరి ఒక రాయి తెచ్చి పైన పెట్టి పోవాలి. ఏ ఊరివాడు, ఎవరి మనిషి అని లేదు. కుప్ప పెరుగుతున్నంత కాలం ఆ మనిషి ఇంకా మందల దోవలో ఉన్నట్టే. చెదిరిపోయిందంటే అందరూ వదిలేసినట్టు. అక్క ప్రతి వేసవీ తానే నడిచిపోయి రాయి పెట్టేది. తర్వాత అది పులుల అడవి అన్నారు. మందలు రాకూడదన్నారు, మనుషులూ రాకూడదన్నారు. మేము తిరిగినన్నాళ్లూ పులి ఉంది, మేమూ ఉన్నాం. ఇద్దరికీ చోటు సరిపోయిందని కాగితం మీద రాయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

అడవి మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. పోయిన దసరాకు అక్క మరిది వచ్చి, అన్నం కలుపుకుంటూ, "ఇంకా యాడి కుప్ప వదినా, ఎలుగొడ్లు ఎప్పుడో గెలికి పారేసింటాయి" అన్నాడు. అని, పెరుగు వేయించుకున్నాడు. ఆ రోజు నుంచి అక్క సంగటి సగం ముద్దే తింటోందని ఆమె కోడలు నాకు ఫోన్ చేసింది. పోయాను.

"నీకా దుర్భిణి ఉండాది గదరా," అంది అక్క. "ఇవతలి గుట్ట మీదనుంచి చూస్తే కనపడతాదా?"

"కనపడొచ్చు."

"అయితే పోయి ఫోటో తీస్కరా."

"చూసొచ్చి చెప్తాలే. ఫోటో ఎందుకు?"

"నువ్వు చెప్తే నమ్మను. పడిపోయింటే కూడా నిలబడిందనే చెప్తావు. నేను ఏడుస్తానని."

అమ్మ పోయినాక నన్ను పెంచింది ఆమే. నా అబద్ధాలన్నీ ఆమెకు పేరుపేరునా తెలుసు.

మార్కాపురం: ఇరవై ఇంటూ ఇరవై

దుర్భిణి అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టి ఒక కంటితో చూసేది. స్పాటింగ్ స్కోప్ అంటారు. ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా దగ్గరకు తెస్తుంది. పలకల ఫ్యాక్టరీలో పని మానినాక, కంభం చెరువు మీద వాలే పక్షులను చూడాలని కొనుక్కున్నాను. నేను బడికి పోలేదు. పలకలకు చెక్క చట్రాలు బిగిస్తూ, విరిగిన ముక్కల మీద అక్షరాలూ లెక్కలూ నేర్చుకున్నాను. ఎన్నో ఊళ్ల పిల్లలకు పలకలు పంపిన ఊళ్లో నాకు దొరికింది పలక ముక్క. అయినా నేర్చుకున్నాను.

ఆ లెక్కలే నన్ను ముంచాయి.

మొదట మనవరాలి ఫోన్‌ను దుర్భిణి వెనక, కన్ను పెట్టే గాజుకు ఆనించి తీశాను. నల్లటి పెనం మధ్యలో చిన్న అట్టు పోసినట్టు వచ్చింది బొమ్మ. ఆ అట్టు కూడా వణుకుతోంది. ఫోన్ల దుకాణంలో అడిగితే, "ఇంకా పెద్దది తీసుకో తాతా, వంద రెట్ల జూమ్. చంద్రుణ్ణి కూడా తీస్తాది" అన్నాడు.

"చంద్రుడి మీద మా బావ లేడు నాయనా" అని వచ్చేశాను.

ఒక ఫోటో స్టూడియోలో బీరువా అడుగునుంచి చిన్న కెమెరా ఒకటి తీశారు. ఇరవై రెట్ల జూమ్. ఫోన్లు వచ్చినాక వీటిని అడిగే నాథుడు లేడట. నేను నిలబడినచోటే వేలితో అరచేతిలో లెక్క వేశాను. దుర్భిణి ఇరవై, కెమెరా ఇరవై. ఇరవై ఇంటూ ఇరవై, నాలుగు వందలు! రాళ్లకుప్ప ఏమిటి, రాయి మీద చీమ కూడా కనపడాలి. రెండు వేల ఎనిమిది వందలు ఇచ్చాను. దుర్భిణికి ఆనించి చూస్తానని అనలేదు. లెక్క సరిపోయినాక ఇంక చూసేదేముంది?

మర్నాడు ఉదయం స్టేషన్‌లో, రైలు ఆలస్యమని చెబితే, ప్లాట్‌ఫారం మీద మూడు కాళ్లు పరిచి ఆనించాను. చీకటి. మధ్యలో రేగుపండంత వెలుగు. జూమ్ లాగితే కెమెరా ముక్కు ముందుకు పొడుచుకొచ్చి దుర్భిణిని గుద్ది పక్కకు తోసింది. రేగుపండ్లు అమ్మే ఆమె గంప దించి చూస్తోంది.

"అది తుపాకీనా పెద్దాయనా?"

"కాదమ్మా."

"అట్లయితే దాన్ని ఎందుకట్ల తిట్తాండావు?"

గ్లాసుడు రేగుపండ్లు పది రూపాయలు. ఉప్పుకారం పొట్లం ఊరికే ఇచ్చింది. నా మొహం చూసి ఇచ్చినట్టుంది.

కంభం: కట్ట మీద కొలతలు

తర్లుపాడు దాటినాక నేల రంగు మారుతుంది. మా వైపు ఎర్రగా ఎండిన చేలు చూసి వచ్చిన కంటికి, కంభంలో చెరువు కింద అరటి, పసుపు, వరి చూస్తే కడుపు నిండుతుంది, కొంచెం మండుతుంది కూడా. పుల్లలచెరువు అని ఊరిపేరులోనే చెరువు పెట్టుకున్నవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరస పెడుతుంటే, ఇక్కడ కాలువలో పిల్లలు ఈత కొడుతున్నారు. దేవుడు పంచేటప్పుడు గరిటె ఒకే పక్కకు వంచాడు. జిల్లాలు మార్చినవాళ్లన్నా సరిచేశారా అంటే, వాళ్లు బోర్డులు మార్చారు.

కెమెరాను ఇంకోసారి పరీక్షిద్దామని చెరువు కట్ట మీద దుర్భిణి నిలబెట్టాను. పావుగంటలో ముగ్గురు రైతులు వచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డారు.

"ఏ ఆఫీసు సార్?" అన్నాడు పెద్దవాడు.

"ఏ ఆఫీసూ కాదు. పిట్టలను చూస్తున్నా."

"మొదుట అట్లనే అంటారులే. రోడ్డుకా, పైపులకా?"

ఇంతలో కొడవలి చేతిలోనే పట్టుకొని ఒకామె పరుగున వచ్చింది. "మా చేను నడిమిట్లో గీత గియ్యొద్దు నాయనా. ఆ గట్టు పక్కకు జరుపు. గట్టు మా బావది, ఆయనకు ఇంకా రెండెకరాలుండాది."

బావగారు ఆ ముగ్గురిలోనే ఉన్నాడు. "నాది పోతే నీకు సల్లగుంటాదా?" అని ఆయన గొంతు పెంచాడు. నేను ఎంత చెప్పినా వినరు. ఎవరి చేను పోతుందో, ఎంత పరిహారం వస్తుందో, ఎవరి కూతురి పేరున రాయించాలో అన్నీ మాట్లాడేసుకుంటున్నారు. ఒకాయన నాకు అరటిపండ్ల అత్తం ఒకటి తెచ్చి సంచిలో పెట్టాడు. లంచం! డెబ్బై ఏళ్లలో నాకు మొదటిసారి ఎవరైనా లంచమిచ్చారు. తిరిగి ఇస్తే ఇంకా భయపడతారని తీసుకున్నాను. చివరకు కొడవలి ఆమె తల పట్టి దుర్భిణికి ఆనించాను. నీళ్ల అంచున ఎర్ర కొంగలు నిలబడి ఉన్నాయి.

"అయ్యో, దాని కంటిరెప్ప కూడా కనపడతాంది!" అంది. తర్వాత వెనక్కు తిరిగి, "దీనికా మనం కొట్టుకున్యాం?" అని బావను చూసి పకపకా నవ్వింది.

వాళ్లే నన్ను ఖాదర్ భాయ్ దగ్గరికి పంపారు. ఒకప్పుడు పెళ్లిళ్లకు ఫోటోలు తీసినవాడు, ఇప్పుడు జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. నా కెమెరా చూశాడు, దుర్భిణి చూశాడు, నన్ను లోపలి గదికి తీసుకుపోయి తలుపు మూశాడు. తలుపుకు చిన్న కంత ఉంది.

"కంతలోంచి బయటికి చూడు చాచా."

కన్ను ఆనించి చూశాను. వీధి అంతా కనపడింది.

"ఇప్పుడు మూరెడు దూరం జరిగి చూడు."

వెలుగు చుక్క తప్ప ఏమీ లేదు.

"అంతే. దుర్భిణి వెనక గాజు ఈ కంత లాంటిది. కెమెరా కన్ను దానికి ఆనాల. నీదానికి అద్దాలు ఎక్కువ, కన్ను యాడనో లోపల ఉంటాది. చిన్న కన్ను ఉండేది కావాల నీకు, జూమ్ మూడో నాలుగో ఉండేది. కొంచెం లాగితే నల్ల గుండ్రం బయటికి పోతాది, బొమ్మ నిలుస్తాది."

"మరి ఇరవై ఇంటూ ఇరవై?"

"ఆ లెక్క బడిలో చెప్పుకో," అన్నాడు. బడికి పోనివాణ్ణని ఆయనకు తెలియదు. నాకు కోపం రావాలి. రాలేదు. యాభై ఏళ్లుగా నాకెవరూ ఇంత విడమరిచి ఒక సంగతి చెప్పలేదు.

ఆయన దగ్గరున్న పాత చిన్న కెమెరాలు రెండూ బిగుసుకుపోయాయి. గిద్దలూరులో సరోజమ్మను అడగమన్నాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే చేపల పులుసు. మా ఇంట్లో చేప తెచ్చామంటే చుట్టాలకు చెబుతాం. వాళ్లు పిల్లికి కూడా ముక్క లెక్కపెట్టకుండా వేస్తున్నారు.

గిద్దలూరు: గుమ్మంలో మూడు కెమెరాలు

గిద్దలూరులో పొద్దున్నే ఉగ్గాని, అదే మరమరాల ఉప్మా, మిరపకాయ బజ్జీతో తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. మార్కాపురంలో పొద్దున ఇడ్లీ, దోశ మాట్లాడతాయి. ఇక్కడికి వచ్చేసరికి నానిన బొరుగులు మాట్లాడతాయి, అంటే సీమ గాలి తగిలినట్టు లెక్క. మా బావకు ఇది ప్రాణం. మందతో ఈ ఊరి పక్కన దిగినప్పుడు నాకు కూడా పొట్లం కట్టించుకొచ్చేవాడు, బజ్జీ మాత్రం దారిలో తానే తినేసి.

సరోజమ్మ స్టూడియోలో ముప్పై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తోంది. నా కథ సగం విని, బీరువా తెరిచి, మూడు చిన్న కెమెరాలు బల్ల మీద పెట్టింది. దుర్భిణిని గుమ్మంలో నిలబెట్టించింది. రోడ్డుకు అవతల, దూరంగా, టైలరు దుకాణం. టైలరు మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"నరసింహులన్నా, కదలొద్దు!" అని కేకేసింది. "నీ మెడలో అంకెలు చదవాల!"

"నా మెడలో అంకెలేంది అమ్మా," అని ఆయన అట్లాగే కొయ్యబారి నిలబడ్డాడు.

మొదటి కెమెరా పన్నెండు రెట్లది. నాదానికి చెల్లెలు. ముక్కుతో దుర్భిణిని పొడిచింది. రెండోది బాగానే పట్టింది. నల్ల గుండ్రం చిన్న జూమ్‌తోనే బయటికి పోయింది, కానీ ఎండలో దాని తెర మీద ఏముందో కనపడలేదు. పైగా దాని బ్యాటరీ ఇప్పుడు ఎక్కడా దొరకదట, ఉన్నది గంట కూడా నిలవదట. మూడోది లావుగా, అరిగిపోయి, మూలకు సొట్ట పడి ఉంది. మూడు రెట్ల జూమ్. కన్ను చొక్కా గుండీ అంత. పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే చాలు, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

"ఇది నాదానికంటే ముసలిది గదమ్మా," అన్నాను. "జూమ్ మూడే!"

"మామా, నువ్వు పెండ్లి సంబంధం చూస్తాండావా, కెమెరా చూస్తాండావా? ఎత్తెంత, జీతమెంత అని అడుగుతావేంది? ఇద్దరూ ఒక గుమ్మంలో పడతారా లేదా, అది చూడు."

ఆనించింది. మీట నొక్కి చెయ్యి తీసేసింది. రెండు సెకన్లు ఆగి అదే తీసుకునేట్టు పెట్టిందట, వేలి వణుకు తగలకుండా. తెర మీద టైలరు మెడ, టేపు, టేపు మీద అంకెలు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది దగ్గర టేపు చిరిగి ఉంది.

"అన్నా, ముప్పై ఎనిమిది దగ్గర కుట్టేసుకో!" అని కేకేసింది సరోజమ్మ.

"అందుకేనా ఆ సబ్ ఇన్‌స్పెక్టరు ప్యాంటు బిగుతైంది!" అని అక్కడినుంచి ఆయన.

హార్డ్‌వేర్ కొట్లో పన్నెండు రూపాయలకు రెండు పైపులను కలిపే కాలరు ఒకటి కొనుక్కొచ్చాం. దాని లోపల సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దుర్భిణి వెనక తొడిగి, కెమెరా అందులో కదలకుండా కూర్చునేట్టు చేశాం. నా ఇరవై రెట్లదాన్ని తీసుకొని ఈ ముసలిదాన్ని ఇచ్చింది. అప్పుడు అడిగింది, ఏం తీయడానికని. రాళ్లకుప్ప సంగతి చెప్పాను. ఆమె లోపలికి పోయి కొత్త సెల్లులు తెచ్చి, పాతవి తీసి, తానే వేసింది.

"ఎట్లుంటే అట్ల తియ్యి మామా. చెదిరి ఉన్యా తియ్యి. ఆమెకు తెలియాల గదా. తీసి నా దగ్గరికే తీసుకరా, పేపరు మీద నేనే వేసిస్తా."

చెదిరి ఉంటే ఏమిటని నేను అప్పటిదాకా ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే, కెమెరా గొడవ పెట్టుకున్నది ఆ ఆలోచన రాకుండా ఉండడానికేనేమో.

దిగువమెట్ట: రాళ్లు ఆడిన రోజు

రోడ్డు పక్కన జనాన్ని రానిచ్చే గుట్ట ఒకటి ఉంది. దాని నెత్తి మీదనుంచి, మధ్యలో లోయ దాటి, అవతలి కనుమ కనపడుతుంది. యాభై అయిదేళ్ల నాటి దారి నాకు కాళ్లలో ఉంది. ఎక్కాను, ఆరుసార్లు కూర్చొని. కాపరి కొడుకును కాపరి బావమరిదిని అయ్యుండి, ఒక పెద్ద తప్పు చేశాను: పొద్దు పైకొచ్చినాక చేరాను. దుర్భిణిలో చూస్తే అవతలి గుట్ట అంతా వేడి సెగలో నీళ్ల కింద ఉన్నట్టు ఆడుతోంది. కనుమ దగ్గర బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది. కుప్పగా ఉందో, పరుచుకొని ఉందో తెలియదు. ఒకసారి లేచినట్టు, ఒకసారి కూలినట్టు. ఎండలో రెండు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరిని తిట్టాలో తెలియని రోజు నాకు చాలా అరుదు.

కింద టీ అంగడి ఆమె ఆ పూటకు తన వసారాలో మంచం వేసింది. జొన్నరొట్టె, గోంగూర. డబ్బివ్వబోతే, "మా ఊరికి పులిని చూడనీకి వస్తారు. రాళ్లను చూడనీకి వచ్చింది నువ్వొక్కడివే. ఉంచుకో" అంది.

మర్నాడు వెలుగు రాకముందే లేచి, తెల్లవారేసరికి గుట్ట మీద ఉన్నాను. చలికి గాలి గాజులా నిలిచి ఉంది. కాలరు తొడిగి, కెమెరా కూర్చోబెట్టి, ఇంకా కన్ను పెట్టలేదు, వెనకనుంచి కేక.

"ఎవురది? ఏందా యంత్రం?"

ఖాకీ చొక్కా, చేతిలో కర్ర, నలభై అయిదేళ్ల మనిషి. అడవి వాచరు. పేరు గురవయ్య అని తర్వాత తెలిసింది, చెంచుల మనిషి. నాకు ఇరవై ఏళ్ల కోపం ఒక్కసారి వచ్చింది.

"ఇది రోడ్డు పక్క గుట్ట. మీ గీత అవతల ఉంది. నువ్వు పుట్టకముందు ఆ కనుమ మాది. మా మనిషి అక్కడ పడుకోనున్నాడు. చూసే హక్కు కూడా లేదా? కంటికి కూడా గేటు వేస్తారా?"

అంతా విన్నాడు. "అరుస్తే పిట్టలు లేస్తాయి తాతా," అన్నాడు. "ఏదీ, నన్నూ చూడనీ."

ఒంగి కన్ను పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఓ, గొల్లాయన కుప్ప!" అన్నాడు. "ఇంత దగ్గరగా కనపడతాదా దీంట్లో? పైన పెట్టింది నా రాయే, చూడు, తెల్లపక్క పైకి తిరిగిండేది."

అతణ్ణి పక్కకు జరిపి చూశాను. కుప్ప నిలబడి ఉంది. నేను పేర్చినదానికంటే రెండింతలు ఎత్తుగా, అడుగున నాచు పట్టి నల్లబడిన రాళ్లు, పైకి పోయేకొద్దీ కొత్తవి, కొసన తెల్లటి పక్క తిరిగిన ఒక రాయి. కంటి గాజు మసకబారింది. తువ్వాలుతో తుడిచాను. మసక గాజు మీద లేదు.

"మీరెందుకు పెడతారు?" అన్నాను.

"గస్తీకి బీటుకు పోయినప్పుడల్లా పెడతాం, మేం ముగ్గురు వాచర్లం. మా నాయన నేర్పించినాడు, మందలొచ్చే కాలంలో మీవాళ్ల దగ్గర చూసి. రాయి ఏసి కబురొకటి చెప్పాల గదా. ఊరికే పోగూడదు. ఒక్కడే ఉంటాడు, ఆయనకు లోకం సంగతి ఎట్ల తెలుస్తాది?"

నేను కింద కూర్చున్నాను. ఆ సంగతి పైన ఆచారం చెప్పేటప్పుడు నేను రాయలేదు, చూడండి. దాచిపెట్టి కాదు. అతను అనేదాకా నాకు గుర్తులేదు. అవును, రాయి పెట్టినప్పుడు ఒక కబురు చెప్పేవాళ్లం. వాన పడిందనో, బొచ్చు ధర పెరిగిందనో, ఫలానావాడికి కొడుకు పుట్టాడనో. ఊళ్లో ఎవడు ఏ గట్టు జరిపాడో యాభై ఏళ్లనాటిది చెప్పగలను. ఇది మర్చిపోయాను. నేను తిట్టుకున్న ఖాకీ చొక్కా గుర్తుపెట్టుకుంది.

"నువ్వేం చెప్పావు మొన్న?"

"పులి మూడు పిల్లల్ని ఏసింది, జాగర్తగ ఉండన్నా, అని చెప్పినా."

పొద్దు పొడిచేలోగా తువ్వాలు నెత్తిన కప్పుకొని, ఊపిరి బిగబట్టి, మీట నొక్కి చెయ్యి తీసి, పది ఫోటోలు తీశాను. అంతలో లేచిన గాలికి అయిదు కదిలాయి, మూడు మసకగా వచ్చాయి. ఒకదానిలో గురవయ్య బొటనవేలు పడింది. ఒకటి మాత్రం రాయి రాయి విడిగా లెక్కపెట్టేట్టు వచ్చింది.

దిగేటప్పుడు గురవయ్య నా మూడుకాళ్లు మోస్తూ అడిగాడు. "కెమెరా కోసం ఎన్నిదినాలు తిరిగినావు తాతా?"

"నాలుగు."

"నన్నడిగింటే బీటుకు పోయినప్పుడు ఫోన్‌లో తీసి పంపేవాణ్ణి గదా."

దారి చూసుకొని నడిచాను.

అక్క ఇంట్లో

సరోజమ్మ పెద్ద కాగితం మీద వేసిచ్చింది. అక్క దాన్ని వసారా అంచున వెలుతురులో పట్టుకుంది. మొహంలో ఏమీ కదల్లేదు.

"ఇది మీ బావది కాదురా. ఇంత ఎత్తు లేదు."

"అదేనక్కా."

"ఇంకెవురిదో తీసినావు. నన్ను ఊరడించనీకి."

కోడలు కూడా వచ్చి నిలబడింది. అక్క వేలు కాగితం మీద అడుగునుంచి మెల్లగా జరిగింది, ఒక్కొక్క రాయి మీదా ఆగుతూ. ఎడమ పక్కన, కిందనుంచి మూడో వరసలో, పొడుగ్గా వంకర తిరిగిన రాయి దగ్గర ఆగిపోయింది.

"ఇది నేను పెట్టింది," అంది. "మొదటేడు. మొయ్యలేక మొయ్యలేక ఎత్తుకపోయినా."

అంతే. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కోడలు లోపలికి పోయింది, నేను వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత గురవయ్య సంగతి చెప్పాను. ముగ్గురూ పెడతారని, కబురు చెబుతారని. "ఆ బిడ్డకు అన్నం పెట్టినావా?" అని అడిగింది మొదట. టీ తాగించానని చెబితే, "టీ!" అని నన్ను ఈసడించింది. విల్లులా వంగి, గోడ పట్టుకొని, మెట్టు దిగింది. వాకిలి పక్కన గొర్రెల దొడ్డి గోడ సగం కూలి ఉంది. ఆ రాళ్లలో చేత్తో తడిమి తడిమి ఒకటి తీసింది, కొబ్బరికాయంత, ఎర్రటిది. కొంగుతో మట్టి తుడిచింది.

"దీన్ని గురవయ్య చేతికియ్యి. మల్ల పోయినప్పుడు పెట్టమను."

"కబురేం చెప్పమనాలి?"

అక్క ఖాళీ దొడ్డి వైపు చూసింది. ఆ మందను అమ్మి మూడేళ్లయింది. కొనేవాణ్ణి తీసుకొచ్చింది నేనే. ఆమె ఆరోజు ఒక్కో గొర్రె చెవి నిమిరి పంపింది.

"వాన బాగ పడిందని చెప్పమను," అంది. "మంద బాగుందని చెప్పమను."

నేను ఆమె మొహం చూశాను.

"అమ్మినామని చెప్పొద్దురా. దిగులు పడతాడు."

సరేనన్నాను. రాయిని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.